పిలుపు ముందా, వడ్డన ముందా?

“నా భాషలో తప్పు లేదని ఆ అమ్మాయికి చెప్పు.”

మామగారు ఈ మాట అత్తగారితో అన్నారు. ఆ అమ్మాయి, అంటే కోడలు, అదే గదిలో, ఆయన చెయ్యి చాస్తే అందే దూరంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా ఒక బల్ల, బల్ల మీద నిన్న మగ్గం మీంచి కోసిన గుడ్డ ముక్క. నిన్న మధ్యాహ్నం నుంచి ఈ ఇంట్లో మామాకోడళ్ళ మాటలన్నీ అత్తగారి మీదుగానే నడుస్తున్నాయి.

“విన్నావుగా,” అన్నారు అత్తగారు, గుమ్మంలో గరిటెతో నిలబడి. “ఆయన భాషలో తప్పు లేదట.”

“విన్నాను అత్తయ్యా. నా తర్జుమాలోనూ లేదని చెప్పండి.”

“ఆమె దాంట్లోనూ లేదట. ఇద్దరి దాంట్లోనూ లేని తప్పు గుడ్డలోకి ఎలా వచ్చిందో ఇంక ఆ మగ్గాన్నే అడగండి. అవతల పొయ్యి మీద నా గిన్నె మాడుతోంది.”

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు. మధ్యలో మనిషి లేకపోతే ఆ ఇద్దరికీ మాట్లాడుకునే దారి లేదు. మామగారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. కోడలు పొద్దుట చదివిన వాక్యాలనే మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.

అసలు కోపానికి కారణం నిన్నటి మాట. చిన్నకొడుకు ఎదురుగానే కోడలు నోరు జారి, “మీ పాత భాగంలోనే ఏదో ఉంది మామయ్యా,” అనేసింది. అనకూడదని కాదు, అందరిముందూ అనకూడదు. ఆయన కుర్చీలోంచి లేచి, చెప్పులు వేసుకుని, వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, అప్పటినుంచి ఆమెతో పలకడం మానేశారు. కోడలు తక్కువ తిన్నదా? ఆమె కూడా మానేసింది.

బల్ల మీది గుడ్డ మాత్రం ఎవరి పక్షమూ వహించకుండా పడుకుని ఉంది. దాని మీద ఆకుల తీగ డిజైను. ఒక ఆకు పక్కన ఇంకో ఆకు, వంపు తిరుగుతూ జానెడు మేర ఎంతో ముచ్చటగా సాగి, ఉన్నట్టుండి ఒకచోట విరిగింది. నేసిన వరసనే మగ్గం రెండోసారి నేసింది. దాన్ని ఇంట్లో అందరూ ‘మెట్టు’ అంటారు. మెట్టు ఎప్పుడూ ఒకచోటే పడితే పట్టుకోవచ్చు. ఇది పడితే పడుతుంది, లేకపోతే లేదు. మగ్గాన్ని నెమ్మదిగా, ఒక్కో వరసా ఆపి చూసుకుంటూ నడిపితే గుడ్డ అద్దంలా వస్తుంది. వేగం పెంచి కళ్ళు అటు తిప్పారో లేదో, మెట్టు. టీచరు చూస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని కూర్చునే పిల్లాడి వ్యవహారం.

ఈ మగ్గానికి డిజైను చెప్పే కంప్యూటర్ భాష మామగారు పెళ్ళికి ముందే తయారుచేసింది. ఆకును కుడికి వంచు, వంపు చివర పువ్వు పెట్టు, అంచు రాగానే వెనక్కి తిప్పు అని డిజైను వేసేవాళ్ళు మామూలు మాటల్లో రాసుకుంటే చాలు, మగ్గం నేసుకుంటూ పోతుంది. ఇద్దరు కొడుకులకన్నా ముందు పుట్టింది కనుక అత్తగారు దానికి ‘పెద్దోడు’ అని పేరు పెట్టారు. సరదాగా పెట్టారో, ఒళ్ళు మండి పెట్టారో ఇప్పటికీ చెప్పరు. దాంతో పెద్దకొడుకు, అంటే కోడలి భర్త, నడిపోడయ్యాడు, రెండోవాడు చిన్నోడయ్యాడు. కొత్తగా పరిచయమైనవాళ్ళు మీ పెద్దబ్బాయి ఎక్కడుంటాడండీ అని అడగడం, షెడ్డులో మగ్గం నేస్తున్నాడని అత్తగారు చెప్పడం ఈ ఇంట్లో పాతబడిన జోకు.

ఇప్పుడు ఆ పెద్దోడి ప్రాణం మీదికే వచ్చింది. వాడు పుట్టినప్పటి చిప్‌ల తయారీ ఆగిపోయింది. కొత్త మగ్గాలన్నీ కొత్తరకం చిప్‌తో వస్తున్నాయి, దానికి పెద్దోడి మాట ఒక్క ముక్క అర్థం కాదు. డిజైన్లు రాసే మాటల్ని అలాగే ఉంచి, ఆ మాటల్ని చిప్ ఆదేశాలుగా మార్చిచెప్పే కంపైలర్ భాగాన్ని కొత్త చిప్ కోసం మళ్ళీ రాయాలి. కోడలు మంచి ఉద్యోగం మానుకుని మరీ ఆ పని నెత్తికెత్తుకుంది. కూడికలు, తీసివేతలు, డిజైన్ల పరీక్షలు అన్నీ గట్టెక్కాయి. ఈ ఒక్క మెట్టు దగ్గరే బండి ఆగిపోయింది.

చిన్నోడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన సంచితో గదిలోకి వచ్చాడు. మిల్లులతో లావాదేవీలన్నీ చూసేది అతనే. మధ్యాహ్నం అందరికన్నా పెద్ద మిల్లు మేనేజరమ్మ వస్తోందని, ఆవిడ చాలు అనేదాకా మగ్గం పూర్తి వేగంతో నడవాలని, గుడ్డలో ఒక్క మెట్టు పడినా ఆవిడ ఈ పూటే వేరే కంపెనీతో సంతకం చేస్తుందని నెమ్మదిగా చెప్పాడు. ఆ ఒప్పందం కుదిర్చింది తనేనని దాచలేదు. సంచిలో కాగితాలు కూడా ఉన్నాయి. ఆ పెద్ద మిల్లు మారితే మిగతా మిల్లులూ వెనకే మారతాయి. అంటే పెద్దోడి కథ ముగుస్తుంది.

“ఇంకొక్క వారం అడగలేవా?” అంది కోడలు.

“అడిగీ అడిగీ నా మొహం అరిగిపోయింది వదినా. నీ కష్టం నాకు తెలీదనుకోకు. కానీ మెట్టు పడ్డ గుడ్డ పట్టుకుని వాళ్ళముందు నిలబడేది నేను. పాత బోర్డుల కోసం తుక్కుకొట్ల చుట్టూ తిరిగేది నేను. ఇప్పుడు ప్రతి తుక్కుకొట్టువాడూ నన్ను చూడగానే కుర్చీ వేస్తున్నాడు.”

ఈ మాటకు కోడలికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. అత్తగారు కూరగాయల పళ్ళెంతో మళ్ళీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. మాటలు పెరిగితే మధ్యలో తాను లేకపోతే ఎలాగని ఆవిడ భయం.

“పెద్దోడిని ఇంట్లోంచి పంపించెయ్యడానికి వాడికి అంత తొందర దేనికో కనుక్కో,” అన్నారు మామగారు భార్యతో.

చిన్నోడు తండ్రి వైపు చూడలేదు. తల్లినే చూస్తూ చెప్పాడు.

“చిన్నప్పుడు నేను ఈ గది తలుపు దగ్గర నిలబడితే, ‘పెద్దోడి పనిలో ఉన్నాను, తర్వాత రా’ అనేవారు. ఆ ‘తర్వాత’ ఇంకా రాలేదని చెప్పమ్మా.”

నిన్నటినుంచి ఎన్నో మాటలు అటునుంచి ఇటు మోసిన అత్తగారు ఈ ఒక్క మాటను మాత్రం చేతిలో ఉన్న పళ్ళెం పక్కన పెట్టినట్టు పక్కన పెట్టేశారు. దాన్ని మోయాల్సిన అవసరమూ లేదు. మామగారు విన్నారు. ఆయన చెయ్యి గుడ్డ అంచును ఊరికే సవరిస్తూ ఉండిపోయింది.

కిటికీ అవతల నీళ్ళ చప్పుడు ఆగకుండా వస్తోంది. ఇంట్లో గొడవ మొదలవగానే మొక్కలకు నీళ్ళు పొయ్యడం కోడలి భర్త అలవాటు. భార్య వైపు మాట్లాడితే తండ్రికి కోపం, తండ్రి వైపు మాట్లాడితే భార్యకు కోపం. అందుకని రెండువైపులా తడపకుండా మొక్కల్ని తడుపుతాడు. నిన్నటినుంచి పోస్తున్న నీళ్ళకు పెరడంతా బురదయింది. ఆమెకు భర్త మీద కూడా ఒళ్ళు మండింది. ఒక్క మాట, పోనీ ఒక్క చూపు ఇవ్వచ్చు కదా అనుకుంది.

చిన్నోడు వెళ్ళిపోయాక ఆమె మగ్గం ప్రోగ్రామును తెర మీదే ఇంకోసారి నెమ్మదిగా నడిపింది. మెట్టు లేదు. వేగంగా నడిపింది. మెట్టు. ఇంక ఏం చూడాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్ని నెలల పని ఈ సాయంత్రానికి తుడిచిపెట్టుకుపోవడమేనా అనుకుంది.

“భోజనాలకి రండి.”

వంటింట్లోంచి అత్తగారి కేక. ఈ కేకకు ఒక చరిత్ర ఉంది. ఈ ఇంట్లో మొదటి పిలుపుకు ఎవరూ రారు. మామగారికి ఇంకో వాక్యం మిగిలి ఉంటుంది, చిన్నోడికి ఇంకో ఫోను మిగిలి ఉంటుంది, కోడలికి ఇంకో పరీక్ష మిగిలి ఉంటుంది. మూడుసార్లు పిలిస్తేగానీ కుర్చీలు కదలవు. అందుకని అత్తగారు వంట సగంలో ఉండగానే పిలిచేస్తారు. వీళ్ళు కదిలేలోపు ఆవిడ కూర దించి, బల్ల తుడిచి, కంచాలు మార్చి, వడ్డన కూడా కానిచ్చేస్తారు. ఏళ్ళ తరబడి ఈ లెక్క తప్పలేదు.

ఇవాళ తప్పింది. అలిగి భోజనానికి రాలేదన్న మాట పడటం ఎవరికీ ఇష్టం లేదు. మొదటి కేక ఇంకా గాలిలో ఉండగానే మామగారు లేచారు, ఆయన లేవడం చూసి కోడలు లేచింది, వరండాలోంచి చిన్నోడు వచ్చాడు, బురదకాళ్ళు కడుక్కుని భర్త వచ్చాడు. నలుగురూ ఎవరి మొహమూ చూడకుండా ఎవరి చోట్లో వాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు.

బల్ల మీద పొద్దుటి కంచాలు అలాగే ఉన్నాయి. పలహారం తిని లేచినప్పటివి, ఎంగిలివి, ఎండిపోయినవి.

అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూసి బిత్తరపోయారు. “ఇదేమిటి, అందరూ వచ్చేశారు?”

“మీరేగా పిలిచారు అత్తయ్యా.”

“పిలిస్తే వచ్చేయడమేనా? పిలిచాక కదా నేను కూర దించేది.”

చిన్నోడు అంత కోపంలోనూ ఫక్కుమన్నాడు. కోడలు నవ్వలేదు. ఆమె తన ముందున్న కంచం వంకే చూస్తోంది. పిలుపు వచ్చింది. వడ్డన ఇంకా రాలేదు. వచ్చినవాడికి దొరికింది పొద్దుటి కంచం. ఆమె ఒక్క ఉదుటున లేచి, ఆ ఎంగిలి కంచం చేత్తో పట్టుకునే లోపలి గదిలోకి నడిచింది. వెనకనుంచి అత్తగారు దాన్ని కడగాలమ్మా అంటున్నా వినిపించుకోలేదు.

పెద్దోడి లోపల ఇద్దరు పనివాళ్ళు ఉంటారు. ఒకడు నెయ్యాల్సిన వరసను లెక్కకట్టి ఒక అరలో పెట్టి, సిద్ధం అని గుర్తు ఎత్తుతాడు. రెండోవాడు ఆ గుర్తు చూసి, అరలో ఉన్న వరసను తీసి మగ్గానికి అందిస్తాడు. పాత చిప్ మర్యాదగలది. ముందు రాసింది ముందు చేరేది, తర్వాత రాసింది తర్వాత చేరేది. గుర్తు కనిపించిందంటే వరస అప్పటికే అరలో ఉన్నట్టే లెక్క. కొత్త చిప్‌కు అంత పట్టింపు లేదు. త్వరగా పని కావడమే దానికి ముఖ్యం. ప్రత్యేకంగా చెబితే తప్ప, ముందు రాసిన వరసకన్నా వెనక రాసిన గుర్తే ముందు చేరిపోవచ్చు. అప్పుడు రెండోవాడికి అరలో దొరికేది ఇందాకటి వరస. దాన్నే మళ్ళీ నేస్తాడు. మెట్టు. నెమ్మదిగా నడిపినప్పుడు వరస చేరడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది కనుక గుడ్డ అద్దంలా వస్తుంది.

కొత్త చిప్‌లో దీనికి ఒక ఆదేశం ఉంది. ఇంతవరకు రాసినవన్నీ చేరాకే ముందుకు కదులు అని దాని అర్థం. గుర్తు ఎత్తే ప్రతిచోటా దానికి ముందు ఆ ఆదేశం పడేలా కోడలు కంపైలర్‌ను మార్చింది. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టి దిద్దుకుంది. కంచంతో సహా షెడ్డులోకి వెళ్ళి, అక్కడి కంప్యూటర్ నుంచి మగ్గాన్ని పూర్తి వేగంతో వదిలింది. జానెడు వచ్చింది, మూర వచ్చింది, మెట్టు లేదు. ఆమెకు గట్టిగా కేక పెట్టాలనిపించింది. ఆ సమయానికి గేటు చప్పుడై మేనేజరమ్మ రానే వచ్చింది.

మేనేజరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. కుర్చీ వేస్తే కూర్చోకుండా మగ్గం పక్కనే నిలబడి, వస్తున్న గుడ్డ మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. కళ్ళకన్నా వేళ్ళకే మెట్టు ముందు తెలుస్తుందని ఆవిడ నమ్మకం. చిన్నోడు ఒక పక్కన, అత్తగారు ఒక పక్కన, భర్త గుమ్మం దగ్గర. మామగారు రాలేదు. ఆయన కుర్చీ షెడ్డులోంచి కనిపిస్తుంది, కుర్చీలో ఆయనా కనిపిస్తున్నారు, కానీ రాలేదు.

తీగ సాగింది. ఆకులు, పువ్వులు, అంచు, మళ్ళీ ఆకులు. కోడలి మొహంలోకి రంగు తిరిగి వస్తోంది. చిన్నోడు కూడా సంచి భుజం మీంచి దించి కింద పెట్టాడు.

మేనేజరమ్మ చెయ్యి ఆగింది. ఆవిడ ఏమీ అనకుండా గుడ్డను రెండు వేళ్ళతో పట్టి వెలుతురులోకి తిప్పింది. ఒక ఆకు దగ్గర సన్నని మెట్టు.

“ఇంతసేపట్లో ఒకటేనండీ,” అంది కోడలు. అన్న తర్వాత ఆ మాట తనకే చిన్నతనంగా వినిపించింది.

“ఒకటైనా కొన్నవాళ్ళు వెనక్కే తెస్తారమ్మా,” అంది మేనేజరమ్మ. కోపంగా అనలేదు. జాలిగా అంది. అది ఇంకా కష్టంగా ఉంది.

గెలిచినవాడిలా నిలబడాల్సిన చిన్నోడు నేల చూపులు చూస్తున్నాడు. వంగి సంచి తీసుకున్నాడు కానీ తెరవలేదు. ఎవరైనా ఏదైనా అంటారేమోనని చూస్తున్నట్టుగా దాని పట్టీతో ఆడుకుంటున్నాడు.

అప్పుడు చెప్పుల చప్పుడైంది. మామగారు షెడ్డులోకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా, కోడలి భుజం మీదుగా తెర మీదికి వంగారు. ఆమె కొత్తగా పెట్టిన ఆదేశం దగ్గర ఆయన వేలు ఆగింది. పక్కనే ఆ ఎంగిలి కంచం ఇంకా అలాగే ఉంది. ఆయన కంచాన్నీ చూశారు, తెరనూ చూశారు. భోజనాల దగ్గర్నుంచీ ఆయనా అదే ఆలోచిస్తున్నారని ఆమెకు అప్పుడు తెలిసింది.

అత్తగారు రాయబారానికి సిద్ధమై ముందుకొచ్చారు. ఆయన చేత్తో ఆగమన్నారు.

“అమ్మాయ్, పిలిచేవాళ్ళకి చెప్పావు. వచ్చేవాడికి చెప్పావా?”

ఆమెకు ముందు ఆయన తనతో మాట్లాడటమే వినిపించింది. మాట అర్థం కావడానికి ఇంకొంచెం పట్టింది.

“చిన్నోడు చిన్నప్పుడు ఏం చేసేవాడో తెలుసా,” అన్నారు ఆయన తెర మీంచి చూపు తిప్పకుండా. “పిలవకముందే వంటింట్లోకి తొంగి చూసి, కంచంలో ఏముందో చూసుకుని పోయేవాడు. తర్వాత పిలిచి కొత్తగా వడ్డించినా, ఇందాక చూసిందే ఉందనుకునేవాడు. నీ రెండోవాడూ అదే చేస్తున్నాడు. గుర్తు చూడకముందే, తొందరకొద్దీ అరలో ఉన్నది చదివేసుకుంటున్నాడు. పిలుపు విన్నాకే కంచం వంక చూడమని వాడికీ చెప్పాలి.”

చిన్నోడు తల పైకెత్తాడు. తండ్రికి తన చిన్నతనంలో ఇంత చిన్న విషయం గుర్తుందని అతను కలలో కూడా అనుకుని ఉండడు.

కోడలు అప్పటికే రాస్తోంది. రెండోవాడు గుర్తు చూసిన తర్వాత, అర చదవడానికి ముందు, ఇంకో ఆదేశం. ఆమె మార్పులు చేస్తుంటే మామగారు పక్కన నిలబడి ఒక్కో వాక్యం చదివి తల ఊపారు. మధ్యలో ఒకసారి, కొత్త చిప్‌కు ఈ ఆదేశం పేరేమిటని అడిగారు. ఆమె చెప్పింది. ఆయన పెదాలతో ఒకసారి పలికి చూసుకున్నారు.

“పాత చిప్ అడక్కుండానే చేసేది,” అన్నారు. “అందుకని నేనూ ఎప్పుడూ రాయలేదు. నీ తర్జుమాలో తప్పు లేదమ్మా. రాయాల్సిన మాట నేను నోట్లోనే ఉంచుకున్నాను.”

“ఈయన వరస మొదట్నుంచీ అంతే,” అన్నారు అత్తగారు ఎవరితోనో అన్నట్టుగా.

మేనేజరమ్మ వెళ్ళిపోతానని అనలేదు. పైపెచ్చు ఇందాకటి కుర్చీ లాక్కుని కూర్చుంది. అది చూసి కోడలి భర్త పరుగున వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. ఒక గ్లాసు ఆవిడకు, ఒకటి భార్యకు. భార్యకు ఇస్తూ, ఈసారి అందరూ వినేలా, “నువ్వు చేసెయ్యగలవు, కానివ్వు,” అన్నాడు. పెళ్ళయ్యాక తండ్రి ఎదుట అతను భార్య పక్షాన పలికిన మొదటి మాట అదే. ఆమె నీళ్ళు తాగి గ్లాసు ఇచ్చింది. భర్త మీదా, ఆ మొక్కల మీదా కోపం పోయింది.

మగ్గం మళ్ళీ కదిలింది. పూర్తి వేగం. అందరి చూపులూ గుడ్డ మీదే.

“అలా చూడకండి,” అన్నారు అత్తగారు హఠాత్తుగా. “చూస్తుంటే బుద్ధిగా ఉంటుంది, కళ్ళు తిప్పితే అల్లరి చేస్తుంది అన్నారుగా. దాన్ని దాని మానాన వదిలి అందరూ అటు తిరగండి.”

విషయం అది కాదని కోడలు చెప్పబోయింది. మామగారు అప్పటికే గోడ వైపు తిరిగారు. ఆయన తిరిగాక ఇంకెవరు తిరగరు? చిన్నోడు తిరిగాడు, భర్త తిరిగాడు, చివరికి మేనేజరమ్మ కూడా నవ్వాపుకుంటూ కుర్చీని అటు జరుపుకుంది. కుటుంబం మొత్తం, ఒక పరాయి మనిషితో సహా, మగ్గానికి వీపు చూపించి, గోడ మీది పగుళ్ళు చూస్తూ, చెవులతో ఆ చప్పుడును వింటూ నిలబడింది. ఆ చప్పుడు ఎక్కడా తడబడలేదు. గోడ మీద ఎండ కిటికీ అంచుదాకా జరిగింది. మేనేజరమ్మ చాలు అనలేదు. మగ్గమే ఆగింది.

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. ఏమైందోనని కోడలు మగ్గం దగ్గరికి పరుగెత్తింది. ఏమీ కాలేదు, నూలు కండె అయిపోయింది.

మేనేజరమ్మ లేచి వెళ్ళి, కొత్తగా వచ్చిన గుడ్డను మొదటి నుంచి చివరిదాకా అరచేత్తో తడిమింది. మళ్ళీ చివరి నుంచి మొదటిదాకా తడిమింది. ఆ తర్వాత గుడ్డ చెంగును చెంపకు ఆనించుకుంది. తనకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మొదటిసారి నేయించిన డిజైను ఈ తీగేనని, దాన్ని మళ్ళీ మొదటినుంచి వేయించాలేమోనని దిగులుపడ్డానని అప్పుడు బయటపెట్టింది. మిల్లులోకి రాబోయే కొత్త మగ్గాలన్నిటికీ పెద్దోడే ఉంటాడని, సోమవారం కోడలే స్వయంగా వచ్చి పెట్టాలని చెప్పింది. చిన్నోడి సంచి వైపు చూసి, ఆ కాగితాలతో తనకు పని లేదంది.

కోడలికి కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి. ఆపుకోవాలని కూడా చూడలేదు. ఇన్ని నెలల తర్వాత ఈ షెడ్డులో తీగ ఒక్కచోట కూడా విరగకుండా నేల మీద కుప్పగా పడి ఉంది, అది తను చేసిన పని. ఆమెకు గర్వంగా ఉంది, ఆ గర్వాన్ని ఆమె దాచుకోలేదు.

“ఆ అమ్మాయికి చెప్పు,” అని మొదలుపెట్టారు మామగారు, అలవాటుగా భార్య వైపు తిరిగి. అంతలోనే ఆగి, కోడలి ఎదుటికి వచ్చారు. “పెద్దోడు ఇన్నాళ్ళూ నా దగ్గర ఉన్నాడు. నీ చేతిలో నాకన్నా బాగున్నాడమ్మా. ఇకనుంచి వాడి మంచిచెడ్డలు నువ్వే చూడు.”

“హమ్మయ్య,” అన్నారు అత్తగారు. “ఆ కంచం ఇప్పటికైనా ఇస్తావా, కడుక్కుంటాను?”

మేనేజరమ్మను సాగనంపడానికి అందరూ గేటు దాకా వెళ్ళారు. కోడలు తిరిగి వచ్చేసరికి షెడ్డులో చిన్నోడొక్కడే ఉన్నాడు. కింద పడిన గుడ్డను మడత పెడుతూ, ఒక ఆకు దగ్గర ఆగి, దాని వంపు వెంట వేలు పోనిస్తున్నాడు. ఇన్నేళ్ళుగా మిల్లుల చుట్టూ ఈ గుడ్డలు మోసినవాడు, వాటి లోపల ఏం రాసి ఉంటుందో ఎప్పుడూ అడిగి ఎరగడు.

“వదినా, ఈ ఆకు వంపు ఎలా రాస్తారు?”

ఆమె నోరు తెరిచేలోపు గుమ్మంలో మామగారు కనిపించారు. ఆయన విన్నారు. గదిలోంచి తన సొంత కుర్చీని, ఇంట్లో ఎవరూ కూర్చోవడానికి సాహసించని కుర్చీని, తెచ్చి కంప్యూటర్ ముందు వేసి కొడుకు వైపు జరిపారు.

“తర్వాత రా అన్నాను కదూ,” అన్నారు. “రా.”

చిన్నోడు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకున్నాడు. ఆయన వెనక నిలబడి, కుర్చీ వీపు మీద చెయ్యి పెట్టి, ఆకు మొదలు ఎక్కడో అక్కడినుంచి మొదలుపెట్టాలని, వంపును ఒకేసారి చెప్పకుండా వరస వరసగా చెప్పాలని నేర్పుతున్నారు. చిన్నోడు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. కోడలు చప్పుడు చెయ్యకుండా గోడకు ఆనుకుని చూస్తోంది.

సంచిలో ఫోను మోగింది. చిన్నోడు తియ్యలేదు. ఆగి మళ్ళీ మోగింది.

“ఎవర్రా?”

చిన్నోడి వేళ్ళు కీబోర్డు మీద నిలిచిపోయాయి. “ఆ కంపెనీవాళ్ళు నాన్నా. ఈ మిల్లు ఎలాగూ మారుతుంది కదా అని... మిగతా మిల్లులన్నిటి నుంచీ పెద్దోడిని తీసేసుకోవచ్చని నిన్ననే మాటిచ్చేశాను. రేపు పొద్దున్నే వాళ్ళ మనుషులు బయల్దేరుతున్నారు.”

కోడలు గోడను వదిలి నిలబడింది. మామగారి చెయ్యి కుర్చీ వీపు మీంచి కదల్లేదు. వంటింట్లోంచి అత్తగారు భోజనాలకి రమ్మని మొదటి కేక వేశారు. ఎవరూ కదల్లేదు.

“ముందు మొదలుపెట్టిన వరస పూర్తి చెయ్యి,” అన్నారు మామగారు. “ఆ తర్వాతే ఫోనుకు పలుకు.”

చిన్నోడు తెర వైపు వంగాడు. ఫోను మోగుతూనే ఉంది.